చిల్లపెంకు వీరుడికి నా గొంతు

నలభై ఏళ్ళు దగ్గర పడుతున్నా ఫోనులో నా గొంతు విన్నవాళ్ళు నన్ను "పాపా" అనే పిలిచేవారు. నేను నాంపల్లిలో ఒక వకీలు గారి ఆఫీసులో పనిచేసేదాన్ని. కాగితాలు టైపు చేయడం, ఫోన్లు ఎత్తడం, కక్షిదారులకు కుర్చీలు చూపించడం నా పని. ఫోన్ ఎత్తి "నమస్కారం, చెప్పండి" అనగానే అవతలినుంచి "పాపా, వకీల్ సాబ్ ఉన్నడా? మీ డాడీయేనా?" అని వినిపించేది. మొదట్లో సరిదిద్దేదాన్ని. తర్వాత అలసిపోయి, "ఉన్నారు అంకుల్, ఇస్తాను" అనడం మొదలుపెట్టాను. వాళ్ళకూ సంతోషం, నాకూ తొందరగా పని అయ్యేది.

అలా ఫోన్ చేసినవారిలో ఒకాయనకు ఆబిడ్స్‌లో చిన్న డబ్బింగ్ స్టూడియో ఉండేది. ఆ భవనంలో కింద సూట్‌కేసులు అమ్మే దుకాణం, మూడో అంతస్తులో ఈయన స్టూడియో. పైనుంచి పొద్దస్తమానం ఏడుపులు, కేకలు వినబడి తన గిరాకీలు భయపడిపోతున్నారని సూట్‌కేసుల దుకాణం ఆయన గొడవకు దిగాడు. ఆ గొడవ గురించి సలహా అడగడానికి స్టూడియో యజమాని మా ఆఫీసుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి, మెడలో ఎప్పుడూ ఒక హెడ్‌ఫోన్ వేలాడుతుండేది. లోపలికి వచ్చి అటూ ఇటూ చూసి, "ఫోన్ల మాట్లాడిన పాప ఏది?" అని అడిగాడు.

"నేనే సార్."

నన్ను పైనుంచి కిందికి చూశాడు. నా చీర చూశాడు, కళ్ళద్దాలు చూశాడు. "మల్లొకసారి చెప్పమ్మా."

"నేనే సార్."

ఆయన వచ్చిన పని మర్చిపోయాడు. వకీలు గారు లోపలినుంచి పిలుస్తున్నా కదలకుండా, "ఏడువొస్తదా నీకు?" అని అడిగాడు. అందరు ఆడవాళ్ళలాగే నాకూ వస్తుందని చెప్పాను. "అట్ల కాదమ్మా, పదేండ్ల పోరడు ఓడిపోతే ఎట్ల ఏడుస్తడో అట్ల" అన్నాడు. ఆ వారం చివర్లో నేను సూట్‌కేసుల మధ్యనుంచి దారి చేసుకుంటూ మూడో అంతస్తు ఎక్కాను.

స్టూడియో అంటే నేనేదో ఊహించుకున్నాను. అది రెండు గదులు. ఒక గదిలో గోడలకు పాత పరుపులు, వాటి మీద బేగం బజార్‌నుంచి తెచ్చిన కోడిగుడ్ల అట్టలు అంటించి ఉన్నాయి. మధ్యలో మైకు, ఎదురుగా ఒక టీవీ. రికార్డింగ్ జరిగేటప్పుడు ఫ్యాను ఆపేయాలి, ఏసీ ఆపేయాలి, కుర్చీ కిర్రుమంటే నిలబడాలి. మధ్య గోడకున్న అద్దానికి అవతల, రెండో గదిలో ఆయనే యంత్రాల ముందు కూర్చునేవాడు. యజమాని ఆయనే, రికార్డిస్టు ఆయనే, దర్శకుడూ ఆయనే.

నాకు ఇచ్చిన పాత్ర ఎక్కడో చలిదేశంలో తయారైన ఒక బొమ్మల సీరియల్లో వీరుడు. మనవైపు పిల్లలు చెరువు గట్టున నిలబడి చిల్లపెంకులు విసిరి, అవి నీళ్ళ మీద ఎన్ని గంతులు వేస్తాయో చూసుకుంటారు కదా, వాళ్ళ దేశంలో అదే అన్నిటికంటే పెద్ద పోటీ. రాజుగారు దానికోసమే బతుకుతుంటాడు, పోస్టుమాన్ ఉత్తరాలు పక్కన పడేసి రాళ్ళు విసురుతుంటాడు, వేరే పనున్నట్టు ఒక్కరూ కనిపించరు. మన వీరుడికి పదేళ్ళు. కొబ్బరిపీచులా నిటారుగా నిలబడ్డ జుట్టు, దాని మీద ఎప్పుడూ జారిపోయే టోపీ. దేశంలో అందరికంటే గొప్ప చిల్లపెంకు వీరుడు కావాలని ఇల్లు విడిచి బయలుదేరతాడు. రాయి ఒకసారి విసిరితే ఒక ఎపిసోడ్ మొత్తం పట్టేది. మొదటి గంతుకూ రెండో గంతుకూ మధ్య వాడికి నాయనమ్మ చేసిన పులుసు గుర్తొచ్చేది, ప్రత్యర్థికి తన చిన్నతనం గుర్తొచ్చేది, గట్టు మీది జనం నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండేవారు.

నాలుగు భాగాల ఆ సీరియల్లో మొదటి భాగమంతా ఆ పిల్లాడు నాకు నచ్చలేదు. ఉన్నమాట చెప్పాలంటే అసహ్యంగా ఉండేవాడు. రాయి విసిరే ముందు అరుస్తాడు, విసిరేటప్పుడు అరుస్తాడు, విసిరాక ఇంకా అరుస్తాడు. ఓడిపోతే గాలి తప్పు అంటాడు, చేప అడ్డొచ్చిందంటాడు, నీళ్ళు సరిగా లేవంటాడు. టోపీ తీసి నేలకేసి కొట్టి దాని మీద గెంతుతాడు. నా చేతికి ఇచ్చే కాగితాల్లో మాటలకంటే అరుపులే ఎక్కువ. అరుపు అని ఒకచోట రాసుంటుంది, కిందికొస్తే పెద్ద అరుపు, ఇంకా కిందికొస్తే ఇంతకుముందుకంటే పెద్ద అరుపు. రికార్డింగ్ అయ్యి బయటికొస్తే నాకు కిందినుంచి సూట్‌కేసుల ఆయన చూపులు తగిలేవి. ఆ గొడవ చూస్తున్నది మా వకీలు గారే, అరుపులేమో నావి అని సిగ్గుగా ఉండేది.

సమస్య ఇంటిదగ్గర మొదలైంది. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మేము కిరాయికి ఉండేవాళ్ళం. మా ఆయన కోఠిలో కరెంటు సామాను దుకాణంలో పనిచేసేవాడు, సాయంత్రం ఆలస్యంగా వచ్చేవాడు. నేను వంట చేస్తూ అరుపులు సాధన చేసేదాన్ని. ఒకరోజు పప్పు తాలింపు పెడుతూ, పిల్లాడు మొట్టమొదటిసారి ఘోరంగా ఓడిపోయే ఎపిసోడ్ కోసం తయారవుతున్నాను. "ఇది అన్యాయం, నన్ను మోసం చేశారు, నేను ఒప్పుకోను" అని ఏడుస్తూ, ముక్కు ఎగబీలుస్తూ, మధ్యమధ్యలో నేల మీద కాలితో తంతున్నాను.

తలుపు దబదబా కొట్టిన చప్పుడైంది. తెరిస్తే కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ, ఆమె వెనక పక్కింటి ఇద్దరాడవాళ్ళు.

"ఏడున్నడు పోరడు?" అంది ఓనరమ్మ, నన్ను పక్కకు జరిపి లోపలికి వస్తూ.

"ఎవరమ్మా?"

"ఎవరేంది? నువ్వు కొడుతున్న పోరడు. వారం సంది వింటున్న. మీకు పిల్లల్లేరని చెప్పి కిరాయికి దిగిన్రు. ఎవరి పిల్లగాన్ని తెచ్చి పెట్టుకున్నరు?"

మంచం కింద చూసింది. బీరువా తెరిచింది. బాత్రూమ్ తలుపు తోసింది. వెనకున్న ఇద్దరూ వంటింట్లో గ్యాసుబండ వెనక వెతికారు. నేను గొంతు సవరించుకుని, ఆ పిల్లాడి గొంతుతోనే "నేను ఒప్పుకోను" అన్నాను.

ముగ్గురూ నా నోటివైపు చూశారు. ఓనరమ్మ నెమ్మదిగా బీరువా తలుపు మూసింది. "మల్లొకపారి అను" అంది. అన్నాను. ఆమె మంచం మీద కూర్చుని వంటింటివైపు ముక్కు ఎగబీల్చింది. చివరికి, "పప్పు మాడుతున్నది బిడ్డా" అని లేచి వెళ్ళిపోయింది. అప్పటినుంచి మా ఇంట్లోంచి ఏ చప్పుడు వచ్చినా ఎవరూ రాలేదు. మా ఆయన ఒకసారి స్టూలు మీదినుంచి జారిపడి నిజంగానే అరిచినప్పుడు కూడా రాలేదు.

ఆ పిల్లాడికి ఒక ప్రత్యర్థి ఉండేవాడు. మంచుకొండలనుంచి వచ్చిన పొడుగు కుర్రాడు, తెల్లటి అంగీ, ఎప్పుడూ నవ్వని ముఖం. ఆ పాత్రకు గొంతునిచ్చిన మనిషి అంతకుముందు గౌలిగూడలో ఒక ప్రైవేటు బస్సుల ఏజెంటు దగ్గర ప్రయాణికులను పిలిచేవాడు. నల్గొండ వైపు పల్లెటూరినుంచి వచ్చాడు, నాకంటే పదేళ్ళు పెద్ద, నేను అన్నా అనేదాన్ని. ఆ గొంతు బావిలోంచి వచ్చినట్టుండేది. అయితే ఏ మాట చెప్పినా అది బస్సు బయలుదేరుతున్నట్టే వినబడేది. మొదటిరోజు ఆయన చెప్పాల్సిన మాట, "నీ ఓటమి సమీపిస్తున్నది." ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "నీ ఓటమీ... సమీపిస్తున్నదీ..." అని సాగదీశాడు. అవతలి గదిలోంచి సార్ గొంతు వినిపించింది.

"అన్నా, ఓటమి బస్సు కాదే."

"తెలుసు సార్."

"మరి ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నట్టు చెప్తున్నవేంది?"

"వస్తున్నదనే గదా సార్ రాసింది."

ఆ ఒక్క మాట కోసం మేము మధ్యాహ్నం వరకూ నిలబడ్డాం. ఫ్యాను లేదు, ఏసీ లేదు, పరుపుల వాసన. చివరికి సార్ కిందినుంచి ఇరానీ చాయ్ తెప్పించి, బస్సు వెళ్ళిపోయిందనుకుని చెప్పమన్నాడు. అలా చెబితే సరిగ్గా కుదిరింది. ఆ తర్వాత చాలాకాలం ఆ ప్రత్యర్థి బెదిరింపులన్నీ బస్సు తప్పిపోయినవాడి గొంతుతోనే నడిచాయి. టీవీలో చూస్తే మాత్రం ఒళ్ళు గగుర్పొడిచేది.

రెండో భాగంలో మన పిల్లాడు గెలవడం మొదలుపెట్టాడు. ఓడిపోయినప్పుడే నయం అనిపించింది. గెలిచిన ప్రతిసారీ నడుం మీద చేతులు పెట్టుకుని, ఆకాశంవైపు చూసి ఒక నవ్వు నవ్వేవాడు. ఆ నవ్వు మూడు మెట్లుగా పైకి వెళ్ళి, చివర ఒక కీచుతో ఆగాలి. నాకు ఆ కీచు రాలేదు. భోజనం వేళల్లో ఆఫీసు వరండాలో నిలబడి, గోడవైపు తిరిగి నెమ్మదిగా సాధన చేసేదాన్ని.

ఒకరోజు కీచు వచ్చింది. అనుకోకుండా, స్పష్టంగా, గట్టిగా వచ్చింది. వెనక్కి తిరిగితే ఒక కక్షిదారుడు. ఆయన కేసు ఆ పొద్దున్నే కోర్టులో పోయింది. చేతిలో సంచి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్నే చూస్తున్నాడు.

"నవ్వున్రి మేడం" అన్నాడు. "మా తమ్ముడు కూడ గట్లనే నవ్విండు."

మిమ్మల్ని చూసి కాదని, బొమ్మల సీరియల్లో పిల్లాడి కోసమని, చిల్లపెంకులని, మంచుకొండల కుర్రాడని ఏదేదో చెప్పాను. చెబుతున్నకొద్దీ ఇంకా అబద్ధంలా వినిపించింది. ఆయన ముఖం మారింది. "టోపీ పోరడా?" అన్నాడు. "మా ఇంట్ల రోజు చూస్తరు. నువ్వేనా వాడు?" అవునన్నాను. ఆయన సంచి కింద పెట్టి, కాసేపు ఆలోచించి, "ఏమనుకోకు బిడ్డా, జర ఎక్కువ చేస్తున్నడు వాడు. గెలిచినోడు గట్ల ఎగురొద్దు. చెప్పు వానికి" అన్నాడు.

చెప్పడానికి నాకేం అధికారం ఉంది. కానీ ఆ మాట వాడు ఎక్కడో విన్నట్టే, మూడో భాగం మొదట్లోనే పిల్లాడి పొగరు అణిగిపోయింది. ఎవరూ ఎత్తలేని పెద్ద బండరాయిని విసిరి చూపిస్తానని పందెం కట్టి, మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. రాయి నీళ్ళ దాకా కూడా వెళ్ళలేదు, కాలి పక్కనే పడింది. అక్కడినుంచి ఆ భాగమంతా వాడు కట్టు కట్టుకున్న చేత్తో గట్టు మీద కూర్చుని ఉంటాడు. వేరే పిల్లలు విసురుతుంటే వాళ్ళకు రాళ్ళు ఏరి ఇస్తుంటాడు. ఇదివరకు పోటీలో ఎదుటివాడి ముఖమే చూసేవాడు, తర్వాత చప్పట్లు కొట్టే జనాన్ని చూసేవాడు. ఇప్పుడు మొదటిసారి రాయిని చేతిలో తిప్పి చూడటం నేర్చుకున్నాడు. ఏది బల్లపరుపుగా ఉంది, ఏది అంచు దగ్గర బరువుగా ఉంది అని తనలో తాను గొణుక్కుంటాడు.

ఈ గొణుగుడు నాకు రాలేదు. అరవమంటే ఆబిడ్స్ చౌరస్తా దాకా వినిపించేలా అరవగలను. మెల్లగా మాట్లాడమంటే నా గొంతులో ఏమీ ఉండేది కాదు. సార్ హెడ్‌ఫోన్ తీసి తల పట్టుకునేవాడు.

"అమ్మా, నువ్వు టెలిఫోన్ల మాట్లాడినట్టున్నది."

"అరవనివ్వండి సార్, ఒక్కసారి."

"వాడు అరుస్తలేడమ్మా. వాడు మారిండు. మనం మారాలె."

బస్సుల అన్న మూలన కూర్చుని చాయ్ తాగుతున్నాడు. "చెల్లె, నువ్వెప్పుడన్న చెరువుల రాయి విసిరినవా?" అని అడిగాడు. నేను చాదర్‌ఘాట్‌లో పుట్టి, నాంపల్లిలో కాపురం పెట్టినదాన్ని. చెరువును బస్సు కిటికీలోంచి చూడటమే తప్ప దానిలో ఏదీ వేసే అవకాశం రాలేదు. "అయితే ఆదివారం పొద్దుగాల పబ్లిక్ గార్డెన్‌కు రాండ్రి" అన్నాడు ఇద్దరినీ చూసి.

వెళ్ళాం. పొద్దున నడకకు వచ్చినవాళ్ళు చేతులు ఊపుకుంటూ అక్కడి కొలను చుట్టూ తిరుగుతున్నారు. అన్న జేబులోంచి గుప్పెడు పెంకుముక్కలు తీశాడు, ఇంటిదగ్గర పాత కుండ పగలగొట్టి తెచ్చాడట. ఒక్కసారి వంగి, చెయ్యి పక్కనుంచి తిప్పి విసిరాడు. పెంకు నీళ్ళ మీద టపటపమని గెంతుకుంటూ పోయి అవతలి తామరాకుల దగ్గర మునిగింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. సార్ విసిరింది నీళ్ళలో పడనే లేదు, వెనకనుంచి వస్తున్న ఒక పెద్దాయన చెప్పు దగ్గర పడింది. నేను మొదటి రాయి విసిరాను. బుడుంగుమంది. రెండోది విసిరాను. అదీ బుడుంగుమంది.

అప్పుడే వాచ్‌మన్ కర్ర పట్టుకుని వచ్చాడు. "ఏంది ఇది? ఇంత పెద్దోళ్ళు, నీళ్ళల్ల రాళ్ళేస్తరా?" అని గట్టిగా అడిగాడు. సార్ ముందుకు వెళ్ళి, ఇది ఆట కాదని, డ్యూటీ అని, మేడం ఒక సీరియల్లో చిల్లపెంకులు విసిరే వీరుడని చాలా గౌరవంగా వివరించాడు. వాచ్‌మన్ నన్ను చూశాడు. "విసురు, చూస్త" అన్నాడు.

విసిరాను. బుడుంగుమంది.

"వీరుడా ఇది?" అని కర్ర చెట్టుకు ఆనించి, నేల మీదినుంచి ఒక చిన్న చిప్ప ఏరి, అలా తేలిగ్గా విసిరాడు. అది అన్న పెంకుకంటే దూరం పోయింది. ఒక బాతు పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. వాచ్‌మన్ ముఖంలో ఏ సంతోషమూ లేదు. కర్ర తీసుకుని, "ఇగ నడవున్రి. మల్ల ఇట్ల చెయ్యొద్దు" అని మమ్మల్ని గేటు దాకా సాగనంపాడు.

నాకు ఆ పొద్దు దక్కింది ఒక్కటే. చివరిసారి నా రాయి మునిగినప్పుడు నేను అరవలేదు, ఎవర్నీ అనలేదు. నీళ్ళలో ఉంగరాలు తిరుగుతుంటే చూస్తూ "ఊఁ" అన్నాను. అది విని నేనే ఆశ్చర్యపోయాను. సోమవారం మైకు ముందు అదే "ఊఁ" అన్నాను. సార్ రెండో గదిలోంచి బొటనవేలు పైకెత్తి చూపించాడు. మూడో భాగంలో ఆ పిల్లాడి కష్టమంతా ఆ ఒక్క శబ్దంతో నెట్టుకొచ్చాం. వాడంటే నాకు ఇష్టం మొదలైంది అక్కడే. ఇంట్లో కూర మాడినా, బస్సు పోయినా, మెట్రోలో కార్డు పనిచేయకపోయినా, ముందు నాకు "ఊఁ" వచ్చేది. మా ఆయన అది విని భయపడ్డాడు. "ఏమన్న ఉంటే అరువు, గిట్ల ఉంటే నాకు ఫికరైతది" అన్నాడు.

నాలుగో భాగం చివరిది. కట్టు విప్పాడు, మళ్ళీ ఊరూరా తిరిగి ఆడాడు. గెలిస్తే టోపీ సర్దుకునేవాడు, ఓడితే వెళ్ళి ఎదుటివాడి రాయి ఎలాంటిదో అడిగి తెలుసుకునేవాడు. వాడి మాటలు తగ్గినకొద్దీ నా పని తగ్గింది. కొన్ని ఎపిసోడ్లలో నేను వెళ్ళి నాలుగు మాటలు చెప్పి వచ్చేసేదాన్ని. ఆఖరికి పెద్ద పోటీ, మళ్ళీ ఆ మంచుకొండల కుర్రాడితోనే.

ఆఖరి ఎపిసోడ్ రోజున ముగ్గురం కలిసి ముందు బొమ్మ చూశాం. మన పిల్లాడు గొప్పగా విసిరాడు. తర్వాత ప్రత్యర్థి విసిరాడు. రాయి గెంతుకుంటూ పోతుండగా నీళ్ళలోంచి ఒక తాబేలు తల ఎత్తింది. రాయి దాని డిప్పకు తగిలి మునిగిపోయింది. పెద్దలు కూడి మన పిల్లాడే గెలిచాడని ప్రకటించారు. సార్ కుర్చీలోంచి సగం లేచాడు. ఇన్నేళ్ళలో ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

కానీ తెర మీద పిల్లాడు తల అడ్డంగా ఊపాడు. ఆ రాయి దానంతట అది ఆగలేదని, తాబేలు లేచిందని, అతన్ని మళ్ళీ విసరనివ్వమని అడిగాడు. ప్రత్యర్థి మళ్ళీ విసిరాడు. గెలిచాడు. పిల్లాడు టోపీ తీసి అతని దగ్గరికి వెళ్ళి రెండు ముక్కలు మాట్లాడాడు. జనం ప్రత్యర్థి చేతిలో కప్పు పెట్టి భుజాల మీద ఎత్తుకున్నారు. అయిపోయింది.

సార్ టీవీ ఆపేశాడు.

"గిదేంది?" అన్నాడు. "ఇన్నేండ్లు అరిచి, ఏడ్చి, చెయ్యి ఇరగ్గొట్టుకోని, ఆఖరికి ఓడిపోతడా? నేనొప్పుకోను. మనం మారుద్దాం. తెలుగుల గెలుస్తడు."

అన్న మెల్లగా అడిగాడు. "ఎట్ల సార్? కప్పు నా చేతిలుంటది గద."

"పట్టుకొమ్మని నీకిచ్చిండు. జర పట్టుకో అన్నా, టోపీ సర్దుకుంటనంటడు. మాట పెడదాం."

"మరి నన్ను భుజాల మీద ఎత్తుకుంటున్నరు?"

"కాలు బెణికింది నీకు. దవాఖానకు తీస్కపోతున్నరు."

"పూలు చల్లుతున్నరు సార్."

"దవాఖానకు పోయేటోని మీద పూలు చల్లొద్దా?"

అన్న నావైపు చూశాడు. ఆయనకు అంతటి గెలుపు జీవితంలో మొదటిసారి వచ్చింది, అది కాలు బెణుకుగా మారిపోతోంది. అయినా ఆయన పాత్ర గురించి ఆయనే వాదించుకోవడానికి మొహమాటపడుతున్నాడు. నేను చెప్పాల్సి వచ్చింది.

"సార్, నేను చెప్పను."

"ఏం చెప్పవు?"

"గెలిచిన అని చెప్పను. వాడే వద్దన్నడు గద. వాడు మొదట్ల ఉన్నట్టే ఉంటే నేనే చెప్తుంటి, కప్పు గుంజుకుంటుంటి. ఇప్పుడు వానికి అక్కర్లేదు సార్."

"నాకు అక్కర ఉన్నది" అన్నాడు సార్. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఆ పిల్లాడికి గొంతు నేనిచ్చాను, కానీ ప్రతి అరుపునూ రెండుసార్లు, మూడుసార్లు, పదిసార్లు విన్న మనిషి ఈయన. నాకంటే ఎక్కువగా ఆ పిల్లాడితో కాపురం చేశాడు.

ఇంతలో తలుపు దగ్గర అలికిడి అయ్యింది. సూట్‌కేసుల దుకాణం ఆయన. గొడవ ఎప్పుడో వకీలు గారు రాజీ చేశారు కానీ ఆయన పైకి రావడం అదే మొదటిసారి. "ఇయ్యాల సప్పుడు లేదేంది?" అన్నాడు అనుమానంగా. "పొద్దటి సంది చూస్తున్న. అంత మంచిదేనా?"

సార్ ఆయన్ను కూర్చోబెట్టి మొత్తం చెప్పాడు. తాబేలు దగ్గర కాస్త ఎక్కువే చెప్పాడు. సూట్‌కేసుల ఆయన గడ్డం గోక్కుంటూ విన్నాడు. "ఓడిపోయిండంటే ఓడిపోయిండని చెప్పున్రి. మా దుకాణంల జిప్పు ఖరాబుంటే ఖరాబున్నదని చెప్పే అమ్ముతం."

"ఎప్పుడు చెప్పిన్రు?" అన్నాడు సార్. "నాకమ్మిన సూట్‌కేసుకు జిప్పు మూడోనాడే పోయింది."

"అడిగితే చెప్తుంటిమి."

ఆ జిప్పు గురించి వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ మాటల మధ్యలో సార్ కోపం కరిగిపోయింది. సూట్‌కేసుల ఆయన లేచి వెళుతూ కొత్త జిప్పు వేయిస్తానన్నాడు. సార్ మెడలోని హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకుని, "ఫ్యాన్ బందుచెయ్యమ్మా" అన్నాడు.

నేను చెప్పాల్సినవి రెండే మాటలు. "బాగా విసిరావు." అంతే. మొదటిసారి చెబితే ఏడుపు కలిసింది. రెండోసారి మహాత్ముడు చెప్పినట్టుంది. ఇంకోసారి చెబితే వకీలు గారి ఆఫీసులో "కూర్చోండి" అన్నట్టుంది. నేను కళ్ళు మూసుకుని, ఆ కుర్రాడి రాయి నిజంగా ఎలా పోయిందో ఒకసారి గుర్తు చేసుకున్నాను. తాబేలు లేదు, గాలి లేదు, నీళ్ళంతా ఖాళీగా ఉన్నాయి, రాయి పోతూనే ఉంది. అది బాగుంది. చూస్తే ఎవరికైనా బాగుంటుంది. ఆ బాగుండటమే గొంతులోకి వచ్చింది.

"బాగా విసిరావు."

పక్కన అన్న ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు. అద్దంలోంచి చూస్తే సార్ హెడ్‌ఫోన్ తీసేసి, అంగీ చివరతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"సార్, వచ్చిందా?"

"మస్తుగ వచ్చిందమ్మా" అన్నాడు. తర్వాత యంత్రంవైపు చూసి, చాలాసేపు చూసి, "రికార్డు నొక్కలే" అన్నాడు.

మొదటి భాగంలోని పిల్లాడైతే అక్కడే టోపీ తీసి తొక్కేవాడు. నా దగ్గర టోపీ లేదు. మళ్ళీ చెప్పాను. అంత బాగా రాలేదు, దానికి కాస్త తక్కువగా వచ్చింది. అదే ఉంచేశాం.

తర్వాత అన్న వంతు. గెలిచినవాడు చెప్పాల్సిన మాట, "నువ్వు కూడా." ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకోలేదు, సాగదీయలేదు. ఏ బస్సూ రాలేదు, ఏ బస్సూ పోలేదు. ఒక మనిషి ఇంకో మనిషితో మాట్లాడినట్టు చెప్పి, మైకు ముందునుంచి పక్కకు జరిగాడు. దానికి మాత్రం సార్ రికార్డు నొక్కాడు.

ఆ ఎపిసోడ్ కొన్నాళ్ళకు టీవీలో వచ్చింది. మర్నాడు నేను ఆఫీసులో ఉండగా అన్న ఫోన్ చేశాడు. ఆయన ఊళ్ళో బంధువులంతా ఒక ఇంట్లో చేరి చూశారట. ఆయన గెలవగానే పటాకులు కాల్చారట. పొద్దున్నుంచి ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి, ఇన్నాళ్ళకు గెలిచినవు, ఊరి పేరు నిలబెట్టినవు అంటున్నారట. మేనమామ అయితే కప్పు ఎంత బరువుందని అడిగాడట.

"మరి ఏమన్నవ్ అన్నా?"

"ఏమంట చెల్లె" అన్నాడు, ఆ బావి గొంతును కాస్త తగ్గించి. "ఎదుటామె కూడ మంచిగనే ఆడింది, పాపం తాబేలు లేకపోతే ముందే తేలిపోతుండె అని చెప్పిన. వాళ్ళు నిన్ను కూడ ఒకపారి ఊరికి తీస్కరమ్మంటున్నరు. బోనాలప్పుడు పోదాం."

సరేనన్నాను. వకీలు గారు లోపలినుంచి పిలిచారు. ఆ రోజు మధ్యాహ్నం దాకా నేను ఓడిపోయినదానిలాగే, చాలా మర్యాదగా, అందరికీ కుర్చీలు చూపిస్తూ తిరిగాను. టిఫిన్ డబ్బా తెరిచేసరికి మాత్రం విపరీతంగా ఆకలేసింది.